అప్‌డేట్: లల్‌వర్త్ - కిమ్మరిడ్జ్ నడక, మోకాలి నొప్పి

పోయిన నెల అడిగాను కదా, ఇంగ్లాండ్ నైరుతి తీరం వెంట సాగే నడకదారి సౌత్ వెస్ట్ కోస్ట్ పాత్ 1,014 కిలోమీటర్లలో చివరికొచ్చేశాక దిగుడు దారుల్లో మోకాలు పట్టేస్తోంది, లల్‌వర్త్ నుంచి కిమ్మరిడ్జ్ దాకా సుమారు 11 కిలోమీటర్లు ఒక్క రోజులో అవుతుందా అని. అయింది! జవాబులిచ్చిన అందరికీ థాంక్స్.

ఫిజియో చూసి కీలు బాగానే ఉంది, తొడ కండరాలే బలహీనంగా ఉన్నాయన్నారు. మూడు వారాలు వ్యాయామం చేశాను, దానికి తోడు రెండు కర్రలు పట్టుకోమన్న సలహా నిజంగా కాపాడింది, ముఖ్యంగా ఫ్లవర్స్ బ్యారో కొండ నుంచి వర్‌బ్యారో తీరానికి దిగేటప్పుడు. బూట్లు మార్చమన్నారు, మార్చాను, డబ్బు దండగ.

అసలు ముఖ్యమైంది ఇంకొకటి. మధ్యలో ఉన్నది సైన్యం ఫైరింగ్ రేంజ్, మామూలు రోజుల్లో చాలాసార్లు దారి మూసేస్తారు, ఎక్కువ శనాదివారాల్లో తెరుస్తారు. తేదీలు ముందే చూసుకోమన్నవాళ్లకు దండం, నేను మంగళవారం అనుకున్నా! పేలని గుండ్లు ఉండొచ్చు కాబట్టి పసుపు గుర్తులు దాటి పక్కకు పోకండి.

ఓపికుంటే టైన్‌హమ్ కూడా చూడండి, 1943 డిసెంబరులో సైన్యం కోసం ఖాళీ చేయించిన ఊరు, జనం మళ్లీ రానేలేదు. నేను అక్కడే కూర్చుని పులిహోర తిన్నాను.