డిబ్రూగఢ్ నుంచి పాసీఘాట్‌కి చిన్న విమానంలో వెళ్లినవాళ్లు ఉన్నారా?

అందరికీ నమస్కారం. మా తమ్ముడు అరుణాచల్‌లోని పాసీఘాట్‌లో టీచరు. అమ్మానాన్నలు జూన్‌లో రాజమండ్రి నుంచి వాడి దగ్గరికి బయల్దేరుతున్నారు. అస్సాంలోని డిబ్రూగఢ్ దాకా మామూలు విమానాలే, చిక్కంతా ఆ తర్వాతే.

2022 ఏప్రిల్‌లో అలయన్స్ ఎయిర్ ఆ రూటులో మన హెచ్‌ఏఎల్ తయారుచేసిన డోర్నియర్ 228 నడపడం మొదలుపెట్టింది. పదిహేడు సీట్లే. ఇప్పుడు వారానికి ఎన్ని రోజులు నడుస్తోంది? జూన్ అంటే అక్కడ కుండపోత వానలు కదా, మబ్బు పట్టి ఎగరకపోతే మర్నాడు ఎక్కిస్తారా, డబ్బులు వెనక్కిస్తారా? నాకదే టెన్షన్.

ఇంకోటి, సామాను. అమ్మ ఆవకాయ జాడీని పాత తువ్వాలులో చుట్టి, తూకం వేసి మరీ పెట్టింది. నాలుగు కిలోలు! అంత చిన్న విమానంలో మనుషుల్ని కూడా తూస్తారట, నిజమేనా?

కుదరకపోతే డిబ్రూగఢ్ నుంచి బ్రహ్మపుత్ర మీదున్న బోగీబీల్ వంతెన దాటి కారులో వెళ్లడమే గతి. నాన్నకి నడుం నొప్పి. దారి ఎలా ఉంటుంది, మధ్యలో ఎక్కడ ఆగొచ్చు? అరుణాచల్‌లోకి వెళ్లడానికి కావాల్సిన ఇన్నర్ లైన్ పర్మిట్ తీసుకున్నాం, ఆ సంగతి వదిలేయండి.

ఈమధ్య వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి, ఈ వారంలోనే టికెట్లు తియ్యాలి.