రంగులేని టాప్‌వాటర్ లూర్ మన కొర్రమీనుకి పనికొస్తుందా?

వంశధార గట్టు (గుణుపురం):
అందరికీ నమస్కారం. మా బావ అట్లాంటాలో ఉంటాడు. అక్కడ చట్టహూచీ నది మీద లేనియర్ అని పెద్ద జలాశయం, అందులో స్పాటెడ్ బాస్ అనే చేపని పడుతుంటాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు నా చేతిలో ఒక టాప్‌వాటర్ లూర్ పెట్టాడు, అంటే నీటిపైన తేలుతూ చేపని ఊరించే బొమ్మ ఎర. వేలంత పొడవు, చుట్ట ఆకారం, ఒళ్లంతా గాజులాగుంది. లోపల ఉక్కు గుండ్లు కూడా కనబడుతున్నాయి. కింద మూడేసి ముళ్లున్న గేలాలు రెండు. "దీనికి రంగెయ్యడం మర్చిపోయారేటి బావా?" అంటే, "నీళ్లు తేటగా ఉన్నచోట దీన్ని మించింది లేదు" అన్నాడు.

మన దగ్గర బాస్ లేదు, కొర్రమీనుకైనా ఆడుతుందని మా ఊరి చెరువులో మూడు పొద్దులు విసిరాను. నీరు టీ రంగు, ఒక పక్కంతా గుర్రపుడెక్క. ఒక్క దెబ్బ లేదు. చేప లేదా అంటే ఉంది, గాలి పీల్చుకోడానికి పైకొచ్చి గుటుక్కుమనడం నా చెవులతో విన్నాను. నాలుగో రోజు విసుగొచ్చి పాత కప్ప లూర్ వేస్తే రెండో విసురుకే కిలోంబావు చేప పడింది.

ఇంకో బాధేంటంటే, విసిరాక ఆ లూర్ ఎక్కడుందో చేప సంగతి దేవుడెరుగు, నాకే కనబడలేదు. పైగా కర్ర కుదిపితే ముక్కు కిందికి దిగిపోతోంది. బ్రెయిడ్ (అల్లిన గేలపుదారం) చివర, విశాఖలో ఒక షాపతను అంటగట్టిన ఫ్లోరోకార్బన్ లీడర్, అంటే దారానికీ లూర్‌కీ మధ్య కట్టే ప్లాస్టిక్ తీగ, రెండు మీటర్లు కట్టాను. తప్పు నాదా, లూర్‌దా, చేపదా?

కొండకోనల కర్ర (జయపురం):
ముందు ఆ ఫ్లోరోకార్బన్ పీకెయ్యండి. అది నీళ్లకంటే ఒకటిన్నర రెట్లకి పైగా బరువు, మునిగిపోతుంది. పైన తేలే లూర్‌కి దాన్ని కట్టడమంటే ముక్కుతాడు కట్టి కిందికి లాగడమే. మామూలు నైలాన్ కట్టండి, అదీ ఒక జానెడు మూరెడు చాలు. బ్రెయిడ్ ఎలాగూ తేలుతుంది.

ఇక రంగు సంగతి. మీటరు లోతున ఉన్న చేప తలెత్తి చూస్తే పైనున్న లోకమంతా దానికి ఒక గుండ్రటి కిటికీలోంచే కనబడుతుంది. ఆ లోతుకి కిటికీ వెడల్పు దాదాపు రెండుంబావు మీటర్లు. దాని చుట్టూ నీటి పైపొర లోపలివైపు అద్దంలా ఉండి కిందున్న రాళ్లూ నాచే ప్రతిఫలిస్తుంటాయి. లూర్ ఆ అద్దం మీద నడుస్తున్నంతసేపూ చేపకి తెలిసేది నీటిలో మునిగిన పొట్ట, అది చేసే అలజడి. కిటికీలోకి వచ్చాకే ఆకాశం ముందు దాని ఆకారం తెలుస్తుంది. నీరు తేటగా ఉండి ఎండ కాస్తుంటే తెల్లగానో నల్లగానో ఉన్న లూర్‌ని చేప వెనకే వచ్చి నింపాదిగా చూసి, ఇదేదో మోసమని తిరిగిపోతుంది. ప్లాస్టిక్ నీటిలో పూర్తిగా మాయమవదు, అంచులు మెరుస్తాయి. ఆ మెరుపు, ఆ కదలిక మాత్రమే మిగిలితే చిన్న చేప పారిపోతున్నట్టుంటుంది. మీ బావగారిది నిజమే, కానీ ఆయన చెప్పింది తేట నీళ్ల మాట.

మీ చెరువులో మబ్బు నీళ్లు, పైగా గుర్రపుడెక్క. అక్కడ కొర్రమీను రంగు చూసి కాదు, చప్పుడు విని, నీడ చూసి కొడుతుంది. నల్ల కప్ప వెయ్యాల్సిన చోట గాజు చుట్ట వేశారు. మూడుముళ్ల గేలం ఆకుల్లో చిక్కుకోకుండా బయటికొచ్చిందంటే అదే గొప్ప. ఇది మాఘం, వంశధారలో నీరు తగ్గి గులకరాళ్లు కనబడే మడుగులుంటాయి కదా, అక్కడ వెయ్యండి. ఎండెక్కాక, గాలి లేనప్పుడు. తెల్లవారుజాము చీకట్లో మాత్రం నల్లదే.

కనబడటానికి వీపు మీద ఎర్రచుక్క పెట్టుకోండి. వీపు మీకు, పొట్ట చేపకి.

అమెరికా అల్లుడు:
సరదాకి ఒక ముక్క. జారా స్పూక్ అని ఇలాంటి చుట్ట ఆకారపు లూర్ 1939 నుంచి అమ్ముతున్నారు, అప్పట్లో మిచిగన్‌లో ఉన్న హెడ్డన్ కంపెనీ వాళ్లు తెచ్చారు. అంతకుముందు అలాంటి లూర్ చెక్కతో చేసేవాళ్లు. ప్లాస్టిక్ వచ్చాక లోపలికి వెలుతురు పోయేలా చేస్తే దెయ్యంలా కనబడిందట, స్పూక్ (దెయ్యం) అన్న పేరు అలా వచ్చింది. లేనియర్‌లో బాస్ తినేది బ్లూబ్యాక్ హెర్రింగ్ అనే వెండి చేపని. అది నడినీళ్లలో గుంపుగా తిరుగుతుంది కాబట్టి అక్కడ గాజు రంగూ, వెండిలా మెరిసే క్రోమ్ రంగూ ఆడతాయి. మీ కొర్రమీను తినేది కప్పని. వడ్డన మారిస్తే విస్తరి మారదా?

ప్రాణహిత పోరడు (సిరొంచ):
అన్నా, మా దిక్కు నదిల చలికాలం నీళ్లు మంచిగ తేటగుంటయ్. నేను గాజు రంగుది వాడిన, తోక గేలానికి తెల్ల కోడీక కట్టిన. ఈక లేకపోతె ఎనక ఎనక వస్తది గని కొట్టది. కొట్టంగనె గుంజకు. బరువు చేతికి తాకినంక గుంజు.

వంశధార గట్టు (గుణుపురం):
పది రోజుల తర్వాత వచ్చాను. ఊరికి ఎగువన బండ పక్క ఛాతీలోతు మడుగు. లీడర్ మార్చాను, ఇంటావిడ గోళ్లరంగుతో వీపు మీద చుక్క పెట్టాను, తోకకి కోడీక చుట్టాను. తొమ్మిది దాటాక ఎండ నీటి అడుగుదాకా దిగింది. కర్ర కొన చిన్నగా కుదుపుతుంటే లూర్ ముక్కు అటూ ఇటూ తిప్పుకుంటూ నడిచింది, ఇప్పుడు దిగబడలేదు. బండ నీడలోంచి చెయ్యంత నల్ల ఒళ్లు లేచి జానెడు కింద వెంబడించింది. నేను భయపడి ఆపేశాను. లూర్ ఆగింది, ఈక ఒక్కటే మెల్లగా విచ్చుకుంది. అప్పుడు కొట్టింది. సిరొంచ తమ్ముడు చెప్పింది మర్చిపోయి చప్పుడుకే గుంజాను, లూర్ గాల్లో ఎగిరి నా టోపీకి తగులుకుంది.

మర్నాడు అదే బండ దగ్గర ముప్పావుకిలోది దక్కింది. నిన్నటిది మాత్రం కాదు, అది పెద్దది. చెరువుకి మళ్లీ కప్పే తీసుకెళ్తున్నాను.

ఒక్క సందేహం. టోపీలోంచి తీసేటప్పుడు వెనక గేలం ఒక ముల్లు వంగింది. దాని బదులు ఒంటి గేలం పెడితే నడక చెడుతుందా?

కొండకోనల కర్ర (జయపురం):
బరువు తగ్గితే తోక లేస్తుంది. ముందు బకెట్లో తేలించి చూసుకోండి, పాతదానిలాగే తోక కొంచెం దిగి కూర్చోవాలి. లేస్తుంటే గేలం కాడకి సన్నటి రాగి తీగ రెండు చుట్లు చుట్టండి.