డ్యాములు తీసేశాక కూడా భూములు కొనడం దేనికి?

ప్రశ్న:
అమెరికాలో ఆరెగాన్, కాలిఫోర్నియా రాష్ట్రాల మీదుగా పారే క్లామత్ నది మీద నాలుగు డ్యాములు తీసేయడం 2024లో పూర్తయింది. ఆ అక్టోబరులోనే సాల్మన్ చేపలు ఆ చోటు దాటి పైకి వెళ్లాయని చదివి చాలా సంతోషమేసింది. అయినా నది పక్క అడవులు కొనాలని ఇంకా విరాళాలు అడుగుతున్నారు. దారి తెరుచుకుంది కదా, భూమి ఎందుకండీ?

జవాబు 1:
దారి ఉంటే చాలదండీ, పైకి చేరేదాకా చేప బతకాలి. 2002 సెప్టెంబరులో క్లామత్ దిగువన నీళ్లు తగ్గి, వేడెక్కి, రోగాలు పాకి వేలకు వేల పెద్ద సాల్మన్‌లు గుడ్లు పెట్టకుండానే చచ్చిపోయాయి. అక్కడ వాటికి చల్లటి నీళ్లిచ్చే చోటు బ్లూ క్రీక్. సముద్రం నుంచి ఎదురీదుతూ వచ్చే చేపలు ఆ వాగు కలిసే చోట ఆగి, ఒళ్లు చల్లబరుచుకుని కదులుతాయి.

ఆ చల్లదనాన్ని కాపాడేది చుట్టూ ఉన్న అడవే. గట్టు మీద చెట్లు నరికితే నీడ పోతుంది. కలప లారీల కోసం వేసిన మట్టి రోడ్లు వానకి కోసుకుపోయి ఆ మట్టంతా వాగులోకి దిగుతుంది. సాల్మన్ గుడ్లు గులకరాళ్ల సందుల్లో ఉంటాయి, సందులు పూడిపోతే వాటికి ఆక్సిజన్ అందదు. అందుకే నదుల పక్క భూములు కొని కాపాడే వెస్టర్న్ రివర్స్ కన్జర్వెన్సీ అనే సంస్థ ఏళ్ల తరబడి కలప కంపెనీ దగ్గర ముక్కలు ముక్కలుగా కొని, 2025 నాటికి దాదాపు 47 వేల ఎకరాలు అక్కడి ఆదివాసులైన యురోక్ తెగకి అప్పగించింది. అది వాళ్ల పూర్వీకుల నేలే. నాకు అన్నిటికంటే న్యాయంగా అనిపించింది అదే.

జవాబు 2:
కొనక్కర్లేకుండా కన్జర్వేషన్ ఈజ్‌మెంట్ కూడా ఉంది. భూమి రైతుదే, కానీ ఇళ్లు కట్టే హక్కులాంటివి వదులుకున్నట్టు రిజిస్టర్ చేస్తారు. రేపు కొన్నవాళ్లూ దానికి కట్టుబడాలి.

జవాబు 1 (మళ్లీ):
నిజమే, పశువుల ర్యాంచ్‌లకి అదే నయం. కానీ పత్రంలో నీటి హక్కుల మాట, అంటే వాగు నీళ్లు తోడుకునే హక్కు సంగతి, ఉందో లేదో చూడండి. గట్టు పచ్చగా ఉండి, వేసవిలో వాగు నీళ్లన్నీ పొలానికి తోడేస్తే కోహో అనే రకం సాల్మన్ పిల్లలు బతకవు. అవి ఏడాదికి పైగా వాగులోనే పెరుగుతాయి. నేనుండే ఆరెగాన్‌లో 1987 చట్టం వల్ల నీటి హక్కుని వాగులోనే వదిలేసేలా లీజుకి ఇవ్వొచ్చు. మొక్కలు నాటడానికి వెళ్లినప్పుడల్లా రైతులకి ఇది చెబుతుంటాను, చాలామందికి తెలియదు. మీరు విరాళం ఇచ్చే ముందు భూమి కొనే ఆ సంస్థని రెండు అడగండి: నీటి హక్కు ఎవరిది, పాత రోడ్లు పూడ్చడానికి డబ్బు పక్కన పెట్టారా అని.