కంప్యూటర్ సంగీత సదస్సులో వినిపించే ప్రతి రచనకూ పరిశోధనా వ్యాసం తప్పనిసరి చేయాలా?

నాదశోధన:
కంప్యూటర్ సంగీత సదస్సులంటే పగలు పరిశోధనా వ్యాసాలు, సాయంత్రం కచేరీలు. 1974లో అమెరికాలోని మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో తొలి అంతర్జాతీయ సదస్సు జరిగింది. ఇన్నేళ్ళుగా ఈ రెండూ పక్కపక్కనే నడుస్తున్నా, రెండింటినీ తూచే తక్కెడ మాత్రం ఒకటి కాదు. వ్యాసాన్ని సమీక్షకులు జల్లెడ పడతారు. పద్ధతి వివరించారా, ముందువాళ్ళ పనిని గుర్తించారా, ఫలితాన్ని మరొకరు సరిచూడగలరా అని అడుగుతారు. కచేరీకి పంపే రచనకు మాత్రం ఒక రికార్డింగూ, కార్యక్రమ పత్రంలో అచ్చు వేయడానికి ఒక పేరా ఉంటే చాలు. నా ప్రతిపాదన ఇది: ఎంపికైన ప్రతి రచనతో పాటు కనీసం నాలుగు పేజీల వ్యాసం తప్పనిసరి చేయాలి.

రాసిపెట్టని పనిని తర్వాతివాళ్ళు ఎలా అందుకుంటారు? అమెరికా టెలిఫోన్ సంస్థ పరిశోధనాలయం బెల్ ల్యాబ్స్‌లో ఇంజనీరు మాక్స్ మాథ్యూస్ రాసిన ప్రోగ్రాముతో, ఐబీఎం 704 కంప్యూటర్ మీద 1957లో న్యూమన్ గట్‌మన్ చేసిన రచన నిడివి 17 సెకన్లు. స్టాన్‌ఫర్డ్ స్వరకర్త జాన్ చౌనింగ్‌ను ఈ రంగంలోకి రప్పించింది ఆ 17 సెకన్లు కాదు, 1963లో మాథ్యూస్ ‘సైన్స్’ పత్రికలో రాసిన వ్యాసం.

స్వరలిపి:
నాదశోధన గారూ, మీరు కథను సగంలో ఆపేశారు. ఆ వ్యాసం చదివి చౌనింగ్ 1964లో బెల్ ల్యాబ్స్‌కు వెళ్ళిన మాట నిజమే. తిరిగి వచ్చేటప్పుడు ఆయన వెంట తెచ్చుకున్నది మాథ్యూస్ ఇచ్చిన పంచ్ కార్డుల పెట్టె. ధ్వనిని పుట్టించే ప్రోగ్రాము అందులో ఉంది. దాన్ని స్టాన్‌ఫర్డ్ కంప్యూటర్ మీద నడిపించుకోగలిగారు కాబట్టే మిగతాదంతా సాధ్యమైంది. ఆ పెట్టె లేకుండా ఒక్క వ్యాసమే ఉంటే ఆయన చేతికి ఏం వచ్చి ఉండేదో ఆలోచించండి.

మిగతాదంటే ఏమిటో కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే మన ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. 1967లో ఆయన కంపిత స్వరంతో ప్రయోగాలు చేస్తున్నారు. ఒక స్వరాన్ని సెకనుకు ఐదారు సార్లు పైకీ కిందికీ ఊపితే మన చెవికి వణుకుతున్న గొంతు వినిపిస్తుంది. ఆ వేగాన్ని, ఊపు విస్తృతిని పెంచుకుంటూ పోయారు. ఒక హద్దు దాటాక వణుకు మాయమైంది, దాని స్థానంలో పూర్తిగా కొత్త నాదగుణం వినబడింది. అసలు స్వరానిది ఒకటి, ఊపుది ఒకటి, ఈ రెండు పౌనఃపున్యాల (సెకనుకు కంపనాల సంఖ్యల) నిష్పత్తి పూర్ణాంకాల్లో ఉంటే వాద్యం పలికినట్టు, లేకపోతే గంట మోగినట్టు. స్వరకర్త చెవి పెట్టి వింటూ పట్టుకున్న విషయం ఇది. దీని మీద వ్యాసం అచ్చయింది 1973లో. ఇదే పద్ధతితో పలికే యమహా వాళ్ళ డీఎక్స్7 వాద్యం 1983లో వచ్చింది. పరిశోధన జరిగిన చోటు ఏదంటే నేను 1967నే చూపిస్తాను.

ఇక చౌనింగ్ రచన ‘స్ట్రియా’. 1977 అక్టోబరులో పారిస్‌లోని పాంపిడూ కేంద్రంలో తొలిసారి వినిపించారు. మామూలుగా పౌనఃపున్యం రెట్టింపు అయితే అష్టకం (ఆక్టేవ్) పూర్తవుతుంది. ఇందులో 2 స్థానంలో 1.618, అంటే స్వర్ణ నిష్పత్తిని పెట్టారు. ఆ స్వరాల మధ్య దూరాన్ని తొమ్మిది సమ భాగాలు చేశారు. ప్రతి స్వరం లోపలి నిర్మాణంలోనూ అదే నిష్పత్తి. అలా కట్టిన ధ్వనులు ఒకదానితో ఒకటి పొసుగుతాయా, చెవి వాటిని సామరస్యంగా స్వీకరిస్తుందా అన్నది నిఖార్సయిన పరిశోధన ప్రశ్న. దానికి జవాబు ఆ రచన విన్నప్పుడే దొరుకుతుంది. నాలుగు పేజీల్లో లెక్క చూపించవచ్చు, పొసిగిందో లేదో చూపించలేరు.

నియమం పెడితే ఏం జరుగుతుందో కూడా ఊహించండి. ఏ ప్రోగ్రాము వాడారు, స్ఫూర్తి ఎక్కడి నుంచి వచ్చింది, భవిష్యత్తులో ఏం చేస్తారు అని నింపిన పేజీలు గుట్టలుగా వచ్చి పడతాయి. విశ్వవిద్యాలయాల్లో ఉన్నవాళ్ళకు ఆ శైలి అలవాటే. బయట ఉండి అద్భుతమైన సంగీతం చేస్తున్నవాళ్ళు గుమ్మం దగ్గరే ఆగిపోతారు. నాకు నిజంగా బాధ కలిగించేది ఇదే.

నాదశోధన:
‘స్ట్రియా’ను మీరే తెచ్చారు కాబట్టి అడుగుతున్నాను. 2007లో ‘కంప్యూటర్ మ్యూజిక్ జర్నల్’ ఆ రచన పునర్నిర్మాణం మీద పలు వ్యాసాలు ఎందుకు వేయాల్సి వచ్చింది? అప్పటి కంప్యూటరు లేదు, రాసిన భాష వాడుకలో లేదు. ముప్పై ఏళ్ళకే అంత గొప్ప రచనను తవ్వి తీయాల్సి వచ్చింది. అంత పేరు లేనివాళ్ళ రచనల కోసం ఎవరు తవ్వుతారు?

స్వరలిపి:
వాళ్ళు తవ్వింది ప్రోగ్రాముల కోసమే కదా! ఫ్రెంచ్ స్వరకర్త పియర్ బూలెజ్ రచన ‘రెపాన్’ సంగతీ అంతే. 1981లో 4ఎక్స్ అనే ప్రత్యేక యంత్రంతో మొదలైంది, ఆ యంత్రం పాతబడ్డాక కొత్త వ్యవస్థలకు మార్చుకుంటూ వచ్చారు. బ్యారీ వెర్కో 1986లో ఎంఐటీలో రూపొందించిన సీసౌండ్ అనే ధ్వని ప్రోగ్రాముకు రాసిన పాత ఫైళ్ళు మాత్రం ఈనాటికీ పలుకుతాయి, ఎందుకంటే వాద్యమూ స్వరపత్రమూ రెండూ మామూలు అక్షరాల్లో ఉంటాయి. తప్పనిసరి చేయాల్సింది ఏదైనా ఉంటే అది కోడు, ప్యాచ్ (ధ్వని ప్రోగ్రాములో చేసుకున్న అమరిక), స్వరపత్రం అప్పగించడం.

ఎనిమిది స్పీకర్లు:
మీ ఇద్దరూ ఎంపిక అయ్యాక సంగతి మాట్లాడుతున్నారు. అసలు ఎంపిక ఎలా జరుగుతోంది? శ్రోతల చుట్టూ ఎనిమిది స్పీకర్ల కోసం చేసిన రచనను రెండు ఛానళ్ళకు కుదించి పంపమంటారు. సమీక్షకుడు హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటాడు. వెనక నుంచి వచ్చి తల మీదుగా ముందుకు సాగే ధ్వని అక్కడ ఎడమ నుంచి కుడికి జరిగే చప్పుడుగా మిగులుతుంది. దానికి మార్కులు వేస్తారు. ఇప్పుడు వ్యాసం కూడా జత చేస్తే ఆ సమీక్షకుడు చదివినదాన్నే వింటాడు. బాగా రాయగలిగినవాడి రచన బాగా వినిపిస్తుంది. వ్యాసం పెట్టినా సరే, ఎంపిక పూర్తయ్యేదాకా సమీక్షకులకు చూపించకూడదు.

కొత్త విద్యార్థి:
నాది సూటి ప్రశ్న. మా విభాగంలో కచేరీని లెక్కలోకి తీసుకోరు, వ్యాసాన్నే తీసుకుంటారు. నా రచనకు పరిశోధనగా గుర్తింపు రావాలంటే ఏ రూపంలో ఇవ్వాలి?

స్వరలిపి:
ఫ్రెంచ్ స్వరకర్త జాన్-క్లోడ్ రిస్సే 1969లో బెల్ ల్యాబ్స్‌లో తయారుచేసిన ధ్వనుల సూచిక చూడండి. ప్రతి ధ్వనికీ రికార్డింగు, దాన్ని పుట్టించే పూర్తి ఆదేశాలు, ఎలా కట్టారో కొద్దిపాటి వివరణ ఉంటాయి. హిరోషిమా బాంబు నేపథ్యంగా వచ్చిన నాటకానికి 1968లో ఆయన చేసిన సంగీతంలో ఎంత దిగినా అడుగు తగలని స్వరం ఉంటుంది. పైలట్ మనసులో పడుతూనే ఉండే బాంబు అది. అలాంటిదాన్ని ఇంకొకరు తమ కంప్యూటర్ మీద పలికించి, మార్చి, తమ రచనలో వాడుకోవచ్చు. మీరూ అలాగే ఇవ్వండి. మీ విభాగం వాళ్ళకు దీన్ని చూపించి వాదించండి. ఆ వాదన పెద్దవాళ్ళం మేమే చేయాలి, విద్యార్థుల మీద వదిలేయడం అన్యాయం.

నాదశోధన:
రిస్సే సూచికను నేనూ ఒప్పుకుంటాను. కానీ అందులో వివరణ ఉందని మీరే అన్నారు. అది లేకుండా ఆదేశాలు మాత్రమే ఇస్తే, వాటిలో ఫలానా అంకెను ఎందుకు ఎంచుకున్నారో, ఎన్ని వద్దనుకుని అక్కడికి వచ్చారో చదివేవాడికి తెలియదు. నాలుగు పేజీలన్న పట్టు వదులుకుంటాను, ఎనిమిది స్పీకర్లు గారు చెప్పినట్టు ఎంపిక అయ్యాకే అడుగుదాం. వివరణ మాత్రం స్వరకర్త ఇష్టానికి వదిలేయడానికి నేను ఒప్పుకోను.