ఒకేసారి రెండు మూడు పనులు పెట్టుకుని మీరేం నష్టపోయారు?

నకిరేకల్ వాసి:
మొన్నటి యాసంగిలో మా ఊరి వడ్ల కొనుగోలు కేంద్రంలో ట్యాబ్ ఎంట్రీ నేనే చేశాను. ఒకపక్క కాంటా నడుస్తుంటుంది. తేమ 17 శాతం దాటితే మళ్లీ ఆరబోయమని చెప్పాలి. లారీ ఎప్పుడొస్తుందని ఫోన్లు. పైవాళ్ల వాట్సాప్ గ్రూపులో గంటగంటకూ లెక్క పంపాలి. ఒక పెద్దాయన ఖాతా నంబర్ కొడుతుంటే గ్రూపులో మెసేజ్ వచ్చింది. జవాబు పెట్టి మళ్లీ ట్యాబ్ అందుకున్నాను. రెండు అంకెలు తారుమారయ్యాయి. అందరికీ డబ్బులు పడ్డాయి, ఆయనకు పడలేదు. విత్తనాలకు వడ్డీకి తెచ్చుకున్నాడని తర్వాత తెలిసింది. నన్ను ఒక్క మాట అనలేదు. అదే ఇప్పటికీ బాధ. మీకూ ఇట్లాంటివి జరిగి ఉంటే రాయండి, ఎలా సరిచేసుకున్నారో కూడా.

గ్రూప్స్ అభ్యర్థి, మహబూబ్‌నగర్:
అన్నా, నాది చదువు సంగతి. పొద్దున ఎనిమిదికి లైబ్రరీకి పోతే రాత్రికే రూముకు. ముందు పుస్తకం, పక్కన టెలిగ్రామ్‌లో కరెంట్ అఫైర్స్, చెవిలో యూట్యూబ్ క్లాసు. రోజుకు పదకొండు గంటలు చదివానని డైరీలో రాసుకునేవాణ్ని. మాక్ టెస్టులో ముల్కీ నిబంధనల మీద ప్రశ్న వచ్చింది. నాలుగుసార్లు చదివిన పేజీ అది. ఎడమవైపు పేజీ అని గుర్తుంది, పెన్నుతో గీత గీసింది గుర్తుంది. అందులో ఏముందో మాత్రం గుర్తుకు రాలేదు. ఆ రోజు పరీక్ష హాల్లోనే ఏడుపొచ్చింది.

పాలిటెక్నిక్ లెక్చరర్, నల్గొండ:
తమ్ముడూ, మల్టీటాస్కింగ్ అన్న మాటే 1960ల్లో కంప్యూటర్ల కోసం పుట్టింది. ఒకే ప్రాసెసర్ ఉన్న కంప్యూటర్ నిజానికి రెండు పనులు కలిపి చేయదు. ఒకటి కాసేపు చేసి, ఎక్కడ ఆపిందో రాసిపెట్టుకుని, రెండోదానికి పోతుంది. ఆ మారడానికీ దానికి కొంత టైం పడుతుంది. మనం ఆపిన చోటును రాసిపెట్టుకోం. సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో చూపించింది కూడా ఇదే: సగంలో వదిలిన పని మీద మనసు కొంత అక్కడే ఉండిపోతుంది, కొత్త పనికి మిగిలిందే దక్కుతుంది. ఇది నా పిల్లలకు చెప్పినప్పటి నుంచి క్లాసులో నా ఫోన్ కూడా బీరువాలోనే.

బత్తాయి తోట:
దళారితో ఫోన్‌లో రేటు మాట్లాడుతూ ట్యాంకులో మందు కలిపాను. ఒకసారి పోశానో లేదో గుర్తులేక మళ్లీ పోశాను. రెండు వరుసల చెట్లకు ఆకులు మాడిపోయాయి. ఆరేళ్ల చెట్లు.

అచ్చంపేట నుంచి:
అందరూ ఒకే మాట అంటున్నారు, నాకు కొంచెం తేడా కనిపిస్తుంది. నాట్లు వేస్తూ పాటలు పాడతాం, పత్తి ఏరుతూ ముచ్చట్లు పెడతాం. చేయి తన పని తాను చేసుకుపోతుంది, ఏమీ చెడదు. ఎండలో ఆ పాట లేకపోతే పొద్దు గడవదు కూడా. చెడేదల్లా రెండు పనులకూ బుర్ర కావాల్సి వచ్చినప్పుడే. మా సంఘం లెక్కలు ఫోన్‌లో చూస్తూ మా పాప హోంవర్క్ చూసేదాన్ని. ఒకరోజు "అమ్మా" అని మూడుసార్లు పిలిచింది. నాలుగోసారి పిలవకుండా పుస్తకం తీసుకుని లేచిపోయింది. ఇప్పుడు అది చదువుకునే గంటా ఫోన్ వంటింట్లో డబ్బాల వెనక పెడుతున్నాను.

విశ్రాంత తెలుగు మాస్టారు, గద్వాల:
అమ్మా, మీరు చెప్పింది సరైన మాట. కవులను పోషించి విద్వద్గద్వాల అనిపించుకున్న ఊరు మాది కాబట్టి అష్టావధానం సంగతి చెబుతాను. చుట్టూ ఎనిమిది మంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నలు అడిగేవాళ్లు. ఒకరు పూరించమని సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది, అంటే పద్యంలో వాడాల్సిన పదాలు ఇస్తారు, ఒకరు అక్షరం అక్షరానికీ నిషేధం పెడతారు. గంట కొడుతుంటే లెక్కపెట్టుకోవాలి. చూసేవాళ్లకు ఎనిమిదీ ఒకేసారి చేస్తున్నట్టు ఉంటుంది. కానీ అవధాని ఒకరికి ఒక పాదం చెప్పి, దాన్ని మనసులో భద్రం చేసి, అప్పుడే పక్కవారి వైపు తిరుగుతాడు. చివర్లో పద్యాలన్నీ ధారణ చేసి అప్పజెప్పాలి. ఏళ్ల సాధన ఉన్న ఆయనను కూడా చెదరగొట్టడానికి అప్రస్తుత ప్రసంగి ఒక్కడే ఉంటాడు. మన జేబులోని ఫోన్‌లో అలాంటివాళ్లు ఎంతమందో చూసుకోండి. అసలు అవధానం అన్న మాటకు అర్థమే ఏకాగ్రత.

జడ్చర్ల డ్రైవర్:
44వ నంబర్ హైవే మీద రోజూ తిరుగుతాను. 2019 సవరణ తర్వాత ఫోన్ పట్టుకుని నడిపితే వెయ్యి నుంచి ఐదు వేల దాకా జరిమానా. ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే ఫర్వాలేదని మావాళ్లే అంటారు. అమెరికాలో డేవిడ్ స్ట్రేయర్ అనే పరిశోధకుడి బృందం పరీక్షించి చూస్తే, ఫోన్ చేతిలో ఉన్నా లేకపోయినా మాట్లాడేవాళ్లకు బ్రేక్ వేయడం ఆలస్యమే అయింది. దయచేసి బండి ఆపి మాట్లాడండి.

నకిరేకల్ వాసి:
అందరికీ దండాలు. పెద్దాయనకు మూడు వారాలకు డబ్బు పడింది, ఇంటికి పోయి క్షమించమని అడిగాను. మళ్లీ వానాకాలం వడ్లు వస్తున్నాయి. ఈసారి ఫోన్ ఒకరికి, ట్యాబ్ ఒకరికి అని పంచుకున్నాం. నంబర్ కొట్టాక పాస్‌బుక్ పట్టుకుని పైకి చదివి, రైతు అవునన్నాకే సేవ్ చేస్తాం. గ్రూపులో లెక్కలు గంటకోసారి కాకుండా రోజుకు రెండుసార్లు పంపుతామని అడగాలి, కోప్పడతారేమోనని టెన్షన్‌గా ఉంది. వేరే కేంద్రాల్లో ఎవరైనా ఇట్లా ఒప్పించి ఉంటే, ఏమని అడిగారో చెప్పండి.