ఫిల్మ్ కడగడం పుస్తకం చూసి నేర్చుకోవచ్చా?

కొత్తరీలు:
తాతయ్య కెమెరా బాగు చేయించాను. నలుపు తెలుపు ఫిల్మ్ ఇంట్లోనే కడుక్కోవాలని, వీలైతే సయనోటైప్ (ఎండలో కాగితం మీద నీలిరంగు ముద్ర తీసే పద్ధతి) కూడా చేయాలని ఉంది. తెలిసిన ఒకాయన "ముందు మంచి పుస్తకం కొనుక్కో, వీడియోలు చూసి పాడైపోకు" అన్నారు. ఇంకొకాయన "పుస్తకం చదివి ఈత నేర్చుకున్నవాడెవడు?" అని నవ్వారు. నాకు దొరికిన పుస్తకాలన్నీ ఇంగ్లిష్‌వే. ఒక్కోదాని ధరకి రెండు మూడు రోల్స్ వస్తాయి. ఏది కొనమంటారు?

పాతస్టూడియో:
రోల్స్ కొనుక్కో తమ్ముడూ. మా నాన్న సికింద్రాబాద్‌లో ముప్పై ఏళ్లు స్టూడియో నడిపారు, ఒక్క పుస్తకం తెరిచి ఎరగరు. డెవలపర్‌లో, అంటే ఫిల్మ్ మీద బొమ్మ తేల్చే మందులో, వేలు ముంచి "ఇవాళ ఒక నిమిషం తగ్గించు" అనేవారు. సూదిలా చెక్కిన పెన్సిల్‌తో నెగెటివ్ మీద గీసి పెళ్లికూతురి మొటిమలు మాయం చేసేవారు. ఆ చెయ్యి ఏ పేజీలో దొరుకుతుంది? రీల్‌కి (కడిగేటప్పుడు ఫిల్మ్ చుట్టి ఉంచే చక్రం) ఫిల్మ్ ఎక్కించడం గురించి నేనూ ఓ పుస్తకంలో నాలుగు పేజీలు చదివాను. చీకట్లో కూర్చున్నాక ఒక్క ముక్క పనికి రాలేదు.

మిడిల్‌గ్రే:
అన్నా, నాన్నగారి వేలికి దండం. కానీ ఆ వేలు తయారవడానికి రోజూ పదిమంది ఫిల్మ్‌లు చేతికి రావాలి. ఈ తమ్ముడికి ఉన్నవి ఆదివారాలే.

నా సంగతి చెప్తాను. వీడియోలో చూసి ట్రై-ఎక్స్ అనే ఫిల్మ్‌ని డి-76 అనే డెవలపర్‌లో 6 నిమిషాల 45 సెకన్లు ఉంచాను. మే నెల. ఓవర్‌హెడ్ ట్యాంక్ నీళ్లు 34 డిగ్రీలు. ఆ టైము 20 డిగ్రీలకని వీడియోలో ఆయన చెప్పనే లేదు. నెగెటివ్‌లో అమ్మ కొంగు కింద నీడ బాగానే ఉంది, తెల్లచీర మాత్రం (నెగెటివ్‌లో తెలుపు నల్లగా రావడం మామూలే, కానీ మరీ) బొగ్గులా నల్లబడి, మడతన్నదే లేకుండా మూసుకుపోయింది. ఒకటి బాగుండి ఇంకొకటి ఎందుకు పోయిందో అర్థం కాలేదు. అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ రాసిన 'ద నెగెటివ్' (1981) చదివాక తెలిసింది: నీడలు ప్రధానంగా ఎక్స్‌పోజర్ మీద ఆధారపడతాయి, తెలుపులు డెవలప్‌మెంట్ మీద. కెమెరాలో నేను చేసింది సరే, తప్పంతా బకెట్‌లోనే.

పాతస్టూడియో:
పుస్తకంలోనూ ఆ 20 డిగ్రీలే కదా? మన ఎండాకాలం ఆయనకేం తెలుసు?

మిడిల్‌గ్రే:
తెలియదు. వేడి పెరిగితే టైము తగ్గాలని మాత్రం చెప్తాడు. మరీ 5 నిమిషాల లోపుకి దిగితే ఫిల్మ్ అంతా సమానంగా డెవలప్ కాదు, అందుకే నీళ్లే చల్లబరుచుకుంటాను. ఐసు నేరుగా వేస్తే డెవలపర్ పలచబడుతుంది. కాబట్టి ఐసు బకెట్‌లో వేసి, సీసాని అందులో దించుతాను.

చీకటిగది:
సినిమాలో ఎర్రబల్బు చూసి, అదే వెలుతురులో ఫిల్మ్ విప్పినవాణ్ణి నేను. ఆ బల్బు ప్రింటింగ్ పేపర్‌కి. మామూలు పాన్‌క్రోమాటిక్ ఫిల్మ్‌కి ఎరుపు కూడా కనిపిస్తుందని నా దగ్గరున్న పుస్తకం మొదటి అధ్యాయంలోనే ఉంది. చదవలేదు. రోల్ మొత్తం గోవిందా.

నీలిముద్ర:
సయనోటైప్ గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను చెప్తాను. నేర్చుకున్నది వీడియో చూసే. ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్, పొటాషియం ఫెర్రిసయనైడ్ విడివిడిగా కరిగించి, కలిపి, కాగితానికి పూసి, వేపాకు పెట్టి ఎండలో ఉంచాను. ముద్ర అద్భుతంగా వచ్చింది. మా కాలనీ బోరు నీళ్లలో కడుగుతుంటే కళ్లెదుటే వెలిసిపోయింది. మూడు షీట్లు అలాగే పోతే మందులు అమ్మినవాణ్ణి తిట్టుకున్నాను, పాపం. తర్వాత ఓ పాత పుస్తకంలో ఒక్క వాక్యం కనిపించింది: ఆ నీలానికి క్షారం పడదు. మా నీళ్లేమో క్షారం ఉన్న ఉప్పునీళ్లు, బిందెల నిండా తెల్లమచ్చలు. మొదటి కడుగులో అరచెక్క నిమ్మకాయ పిండాను. నీలం నిలిచింది. ఇప్పుడు అదే గుణాన్ని కావాలని వాడుకుంటున్నాను. చాకలి సోడా నీళ్లలో కాస్త వెలిసేలా ముంచి, టీ డికాషన్‌లో నానబెడితే గోధుమ నలుపు వస్తుంది.

ఈ పద్ధతి కనిపెట్టింది జాన్ హెర్షెల్, 1842లో. మరుసటి ఏడాదే అన్నా అట్కిన్స్ సముద్రపు నాచు ముద్రలతో ఏకంగా పుస్తకమే మొదలుపెట్టింది. అయితే హెర్షెల్ అట్కిన్స్ కుటుంబానికి స్నేహితుడు, అంటే పుస్తకం కాదు, తెలిసిన మనిషే దగ్గరున్నాడు. పాతస్టూడియో అన్నకి ఆ పాయింటు ఇచ్చేస్తున్నాను.

కొత్తరీలు:
అందరికీ థాంక్స్. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు వెతుకుతాను. పాతస్టూడియో అన్నా, ఆ రీల్ సంగతి మాత్రం మీరే చెప్పాలి. టెన్షన్‌గా ఉంది.

పాతస్టూడియో:
పాడైపోయిన రోల్ ఒకటి తీసుకో. వెలుతురులో పదిసార్లు ఎక్కించు, తర్వాత కళ్లు మూసుకుని పదిసార్లు. చీకటి ఆ తర్వాతే. ప్లాస్టిక్ రీల్ అయితే చుక్క తడి ఉన్నా ఫిల్మ్ మధ్యలో పట్టేస్తుంది. పట్టేస్తే లాగకు, వెనక్కి తీసి మళ్లీ మొదలుపెట్టు. చేతి చెమట కూడా తడే, ఫ్యాన్ వేసుకుని కూర్చో.