మట్టి గోడ అడుగున సున్నం పూత నిలవడం లేదు, ఏం చేయాలి?

మాది హైదరాబాద్. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల పక్కన మట్టి ఇటుకలతో రెండు గదుల గెస్ట్ హౌస్ కడుతున్నాం. అక్కడి ఎర్రమట్టిలో 8 శాతం సిమెంట్ కలిపి మెషీన్‌తో ఒత్తించిన ఇటుకలు, 9 అంగుళాల గోడ. రాతి పునాది మీద తేమను ఆపే పొర వేయలేదు.

జూలై వానల నుంచి పడమటి గోడకు కింది 2 అడుగుల మేర సున్నం పూత పొట్టులా రాలుతోంది, తెల్లగా ఉప్పు పేరుకుంటోంది. కొండవాలు అటే. చూరు 3 అడుగులకు పెంచాను, నీరు మళ్ళేలా కాలువ తవ్వించాను, తగ్గలేదు. మేస్త్రి మాట విని సిమెంట్ పూత వేయిస్తే 20 రోజుల్లో ఉబ్బి, ఇటుక పొరతో సహా ఊడింది. సిమెంట్ తేమను లోపలే పట్టేస్తుందని అప్పుడు అర్థమైంది. మళ్ళీ సిమెంట్ మాత్రం వద్దు.

గోడ పడగొట్టకుండా, ఒక్కోసారి 2 అడుగుల పొడవున అన్నిటికంటే కింది ఇటుక వరస తొలిచి తాండూరు బండ చొప్పిస్తే కింది తేమ ఆగుతుందా?